దర్బారు హాల్లో పెళ్లి వేడుక: వెడ్డింగ్ ప్లానర్లకు బహిరంగ లేఖ

హైదరాబాద్‌లోనూ, తెలుగు రాష్ట్రాల ఇతర నగరాల్లోనూ పెళ్లిళ్లు నడిపించే ప్లానర్లకు, డెకరేటర్లకు, లైటింగ్, సౌండ్, క్యాటరింగ్ బృందాలకు,



రాజమహళ్లలో, మ్యూజియంలలో పెళ్లి వేడుక జరుపుకోవాలని మన కుటుంబాలు ముచ్చటపడుతున్న కాలం ఇది. ఫంక్షన్ హాలు ఎంత పెద్దదైనా, అందులో ఎన్ని పూలు కుమ్మరించినా రాని ఒక ఠీవి పాత కట్టడాలకు ఉంటుంది. అది కావాలని అడుగుతూ జంటలు మీ దగ్గరికి వస్తున్నాయి. వాళ్లు తమ కోరిక చెబుతారు. దాన్ని గంటలుగా, కొలతలుగా, కొటేషన్‌గా మార్చేది మీరు. స్టేజీ ఎక్కడ వేయాలో, లైటు ఎటు తిప్పాలో, భోజనాలు ఎక్కడ వడ్డించాలో తేల్చేదీ మీరే. అందుకే ఈ ఉత్తరం పెళ్లివారికి కాకుండా మీకు రాస్తున్నాను. పాత పట్టుబట్టలు, జరీ వస్త్రాలు చెడిపోకుండా కాపాడే పనిలో ఉన్నదాన్ని. మీరు కొలిచే అందం, నేను కాపాడే అందం ఒకే గదిలో కలుసుకుంటున్నాయి కాబట్టి మనం మాట్లాడుకోవాల్సిన అవసరం వచ్చింది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెబుతాను. మ్యూజియంలో పెళ్లి వేడుక జరగడానికి నేను వ్యతిరేకిని కాను. హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్ సంగతే తీసుకోండి. 1750 ప్రాంతంలో సలాబత్ జంగ్ కాలంలో మొదలై, అయిదో నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, అంటే 1857, 1869 మధ్య పూర్తయిన కట్టడం అది. తర్వాతి కాలంలో చాలా ఏళ్లు ఆలనాపాలనా లేక పాడుబడింది. నిజాం కుటుంబానికి చెందిన ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని, ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రా లాంటి నిపుణులతో మరమ్మతు చేయించాక 2005లో ప్రజల కోసం తలుపులు తెరుచుకున్నాయి. ఆ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. ఇవాళ అది మ్యూజియం, వేడుకల వేదిక కూడా. గచ్చుపని నిలబెట్టాలన్నా, పైకప్పు కారకుండా చూడాలన్నా, షాండ్లియర్ల గాజుముక్కలు ఒక్కొక్కటిగా తుడవాలన్నా ఏటేటా డబ్బు కావాలి. టికెట్ల మీద వచ్చే రాబడి ఒక్కటే అంత బరువు మోయలేదు. ఒక సాయంత్రపు పెళ్లి వేడుక ఇచ్చే అద్దె ఇలాంటి కట్టడానికి నిజమైన ఆసరా. ఆ ఆసరా నష్టంగా మారకుండా ఉండాలంటే ఏం చేయాలన్నదే నేను మీతో మాట్లాడదలచుకున్న విషయం.

మన ఊళ్లలో పెళ్లికి పక్కింటివాళ్లు తమ ఇల్లు విడిదికి ఇచ్చేవారు. ఆ ఇంటి గోడకు మేకు కొట్టే ముందు ఇంటావిడని అడిగేవాళ్లం. పెళ్లివారు వెళ్లిపోయాక ఆ ఇల్లు కడిగి, ముగ్గు పెట్టి మరీ అప్పగించేవాళ్లం. మ్యూజియం కూడా మనకు అలా దొరికిన విడిది ఇల్లే. ఇంటావిడ స్థానంలో అక్కడ క్యురేటరు, సంరక్షణ సిబ్బంది ఉంటారు. పెళ్లివారితో మీ మొదటి సమావేశం అయిన వెంటనే, డెకరేషన్ బొమ్మ గీయకముందే, రెండో సమావేశం వాళ్లతో పెట్టుకోండి. చాలాసార్లు ఇది తిరగబడుతుంది. త్రీడీ బొమ్మ చూపించి, పెళ్లివారి చేత ఔననిపించి, అడ్వాన్సు తీసుకున్నాక మ్యూజియం వాళ్లకు కబురు వెళుతుంది. అప్పుడు వాళ్లు చెప్పే ప్రతి జాగ్రత్తా మీకు అడ్డంకిలా, పెళ్లివారికి అవమానంలా తోస్తుంది. అదే జాగ్రత్త ముందే తెలిస్తే మీ డిజైన్‌లో అది ఒక కొలత మాత్రమే.

మొదట తేల్చుకోవాల్సింది, మ్యూజియంలో ఏ వేడుక జరపాలన్నది. మన ముహూర్తాలు అర్ధరాత్రి దాటాకో, తెల్లవారుజామునో పడటం మామూలే. జీలకర్ర బెల్లం పెట్టే ఆ నిమిషానికి నాదస్వరం, డోలు మోగాలి, హోమం వెలగాలి. మ్యూజియం ఆవరణలో ఆ వేళకు అది కుదిరే పని కాదు. బహిరంగ ప్రదేశాల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. కాబట్టి ముహూర్తం గుడిలోనో, ఇంటి దగ్గరో, కల్యాణ మండపంలోనో జరిపించి, రిసెప్షన్‌నో సంగీత్‌నో మ్యూజియానికి తెస్తే రెండూ వాటి వాటి పద్ధతిలో నిండుగా జరుగుతాయి. రెండు వేల మంది భోజనాలు కల్యాణ మండపానికి, దగ్గరివాళ్లతో సాయంత్రపు వేడుక మహలుకు అని విడదీయండి. పిలుపుల జాబితా తగ్గించమని పెళ్లివారికి చెప్పడం కష్టమని నాకు తెలుసు. జాబితాను రెండుగా పంచమని చెప్పడం అంత కష్టం కాదు.

తర్వాత సమయం. చౌమహల్లా మామూలుగా ఉదయం 10 నుంచి సాయంత్రం 5 దాకా సందర్శకుల కోసం తెరిచి ఉంటుంది, శుక్రవారం సెలవు. టికెట్ కొని వచ్చిన బడిపిల్లలను, దూరాభారం నుంచి వచ్చిన కుటుంబాన్ని మధ్యాహ్నానికే బయటికి పంపి స్టేజీ కట్టడం న్యాయం కాదు. ఆ ఇంటి మీద మొదటి హక్కు వాళ్లది. అయిదింటికి తలుపులు మూస్తే ఏడున్నరకు అతిథులు వస్తారు. ఆ రెండున్నర గంటల్లో నిలబెట్టగలిగిన అలంకరణే మ్యూజియానికి సరిపోయే అలంకరణ. అంటే అన్నీ ముందే వర్క్‌షాపులో తయారై రావాలి, తమ కాళ్ల మీద తాము నిలబడాలి. మేకు, డ్రిల్లు, గమ్ టేపు, గోడకు కట్టిన తాడు ఏవీ అక్కర్లేని ఫ్రేములు కావాలి. పాత సున్నపు గచ్చులో ఒక్క మేకు దిగితే ఆ చుట్టూ పెచ్చు వదులవుతుంది. అది ఆ రాత్రి రాలకపోవచ్చు, వచ్చే వానాకాలంలో రాలుతుంది. స్టేజీ కాళ్ల కింద ప్లైవుడ్, రబ్బరు పరిచి బరువును పంచండి. పాలరాతి పలక మీద ఇనుప కాలు నేరుగా మోపితే పగులు ఖాయమనుకోండి.

లైటింగ్ వాళ్లకు నా విన్నపం కొంచెం ఎక్కువే, ఎందుకంటే ఇది నా పనికి దగ్గరి సంగతి. పట్టు, నూలు, కాగితం, నీటిరంగు బొమ్మలను ప్రదర్శించేటప్పుడు వెలుగు కొలత 50 లక్స్ దాటకుండా చూసుకుంటాం. వెలుగు చేసే నష్టం మందుతో మానదు, అది పోగుపడుతూనే ఉంటుంది. వీడియో కోసం మీరు ఒక గదిలో 1,000 లక్స్ వేసి నాలుగు గంటలు ఉంచారనుకోండి. ఆ గదిలోని ఒక షేర్వాణీకి అది 50 లక్స్ కింద 80 గంటలు నిలబడ్డ లెక్క. రోజుకు ఏడు గంటల చొప్పున చూస్తే పదకొండు రోజుల ప్రదర్శనకు పైమాటే. ఆ బట్ట రంగు అంతమేరకు వెలిసిపోతుంది, తిరిగి రాదు. అందుకని వస్తువులున్న గదుల్లోకి స్టేజీ లైట్లు రానివ్వకండి. మీ ప్రతిభంతా ఆవరణలో చూపండి. చౌమహల్లాలో దర్బారు హాలు ముందు నీటి కొలను ఉంది, దక్షిణపు ఆవరణలో ఎదురెదురు మహళ్లు ఉన్నాయి. నేల మీద నిలిపిన చిన్న ఎల్ఈడీ దీపాలు కమానుల అడుగు నుంచి పైకి వెచ్చటి వెలుగు పంపితే ఆ గచ్చుపని నీడలతో సహా కొలనులోకి దిగుతుంది. ఎల్ఈడీ తెర ఎంత పెద్దది పెట్టినా ఆ అందం దానికి రాదు. ఖిల్వత్ ముబారక్ అనే ఆ దర్బారు హాల్లో 19 బెల్జియం గాజు షాండ్లియర్లు వేలాడుతున్నాయి. వాటి కింద మీరు కట్టే అద్దె షాండ్లియర్ ఎవరి కంటికీ ఆనదు.

మనుషుల ఊపిరి కూడా లెక్కలోకి రావాల్సిందే. ఊరికే కూర్చున్న మనిషి గంటకు సుమారు 50 గ్రాముల నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతాడు. 600 మంది ఒక హాల్లో చేరితే గంటకు 30 లీటర్లు. డ్యాన్స్ చేస్తే ఇంకా ఎక్కువ. ఆ తేమను చెక్క పీల్చుకుని ఉబ్బుతుంది, ఆ మర్నాడు ఎండి ముడుచుకుంటుంది. పూత పూసిన చట్రాలు, పాత ఫొటోలు, చేతిరాత పుస్తకాలు ఆ ఉబ్బడం, ముడుచుకోవడం మధ్య విడిపోతాయి. లోపలి హాలుకు ఒకేసారి ఎంతమంది అనేది మ్యూజియం వాళ్లు చెప్పిన సంఖ్యగా మీ ప్లానులో రాసుకోండి. డ్యాన్స్ ఫ్లోరు ఆకాశం కింద ఉండాలి. పొగమంచు యంత్రం అసలు వద్దు. అది వదిలే ద్రవం పలచటి జిగురులా గాజు మీదా గోడ మీదా దిగి దుమ్మును పట్టుకుంటుంది.

ఇక పూలు. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెల్లవారుజామున దిగే బంతులు, చామంతులు, మల్లెలు లేకుండా మనకు పెళ్లి లేదు. కానీ పూలతో పాటు పురుగులూ వస్తాయి. కార్పెట్ బీటిల్ అని ఒక చిన్న పెంకు పురుగు ఉంది. పెద్దయ్యాక అది పుప్పొడి తింటుంది, గుడ్లు మాత్రం ఉన్ని, పట్టు ఉన్న చోట పెడుతుంది. పిల్ల పురుగులకు ఆ బట్టలే మేత. పెళ్లి అయిన కొన్ని నెలలకు ఒక తివాచీ అంచున చిల్లులు కనిపిస్తాయి. అప్పటికి ఆ పూలు ఎవరికీ గుర్తుండవు. అందుకని పూలన్నీ ఆవరణకే పరిమితం చేయండి, ఆ రాత్రే మొత్తం తీసేయండి, కుండీల మట్టిని లోపలికి తేకండి. లోపలి హాలుకు పువ్వు అందం కావాలంటే మన చేనేత ఉంది. పోచంపల్లి ఇక్కత్, గద్వాల జరీ అంచులు, నారాయణపేట గళ్లు ఫ్రేముల మీద సాగదీసి నిలబెట్టండి. శుభ్రం చేసి తెచ్చిన కొత్త బట్ట పురుగు తేదు, వాడిపోదు, మరో వేడుకకూ పనికొస్తుంది.

పసుపు గురించి మీకు ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు హల్దీ అంటే రంగునీళ్లు చిమ్ముకునే పండగైపోయింది. పారాణి కలిపిన చేతులకు తెలుసు, పసుపులో సున్నం పడితే ఎర్రబడుతుందని. పాత కట్టడాల గోడలన్నీ సున్నమే. తాజాగా వెల్ల వేసిన గోడ మీద పసుపు నీళ్లు పడితే అదే జరుగుతుంది, పాత గచ్చైతే మరకను లోపలికి తాగేస్తుంది. కడిగితే గచ్చు కూడా అరుగుతుంది. హల్దీని ఇంటి పెరట్లో చేయించండి. తలంబ్రాలు మ్యూజియం ఆవరణలోనే పోయాలంటే కింద మందపాటి గుడ్డ పరచండి. చెదిరిన బియ్యం గింజలు ఎలుకలను, చీమలను పిలుస్తాయి. తలంబ్రాల్లో కలిపే థర్మాకోల్ పూసలు, మెరుపు పొడి రాతి సందుల్లో ఏళ్ల తరబడి మిగిలిపోతాయి, అవి మానేయండి.

భోజనాల సంగతికొస్తే, పాలరాయికి పులుపు పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, చారు, పుల్లటి పళ్ల షర్బత్తు ఏది ఒలికినా రాతి పైపొర కరిగి మచ్చ పడుతుంది. తుడిస్తే రంగు పోతుందేమో గాని ఆ గరుకుదనం పోదు. వడ్డన బల్లలు పాలరాతి నేలకు దూరంగా, పచ్చిక మీదో, పరిచిన చాపల మీదో పెట్టండి. వంట బయట చేసి వేడిగా తీసుకురండి. దమ్ బిర్యానీ మూత తీసేది అక్కడే కావచ్చు, పొయ్యి మాత్రం అక్కడ వద్దు. నిప్పు విషయంలో నేను ఏ సర్దుబాటుకూ ఒప్పుకోను, మీరూ ఒప్పుకోకండి. 2018 సెప్టెంబర్ 2న బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో రెండు వందల ఏళ్ల నేషనల్ మ్యూజియం ఒక్క రాత్రిలో కాలిపోయింది. మంట మొదలైంది ఆడిటోరియంలోని ఎయిర్ కండిషనర్ దగ్గరని దర్యాప్తులో తేలింది. సుమారు 2 కోట్ల వస్తువుల సేకరణలో అత్యధిక భాగం పోయింది. అంతకు రెండేళ్ల ముందు, 2016 ఏప్రిల్ 26న ఢిల్లీలోని ప్రకృతి విజ్ఞాన మ్యూజియం కూడా మంటలకు ఆహుతైంది. పాత భవనపు కరెంటు తీగల మీద మీ లైట్ల లోడు వేయకండి. విడిగా జనరేటరు, విడిగా కేబుళ్లు, అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ ఉండాలి. కొవ్వొత్తులు, కోల్డ్ పైరో, ఆకాశ దీపాలు ఏవీ వద్దు. పెళ్లివారు గట్టిగా అడుగుతారు. వద్దని చెప్పడం మీ వృత్తి గౌరవం.

దర్బారు హాల్లో తఖ్త్-ఎ-నిషాన్ అనే పాలరాతి పీఠం ఉంది. నిజాముల సింహాసనం ఉండే చోటు అది. దాని మీద కూర్చుని ఫొటో దిగాలని జంటలకు అనిపించడం సహజం. దాన్ని ఎక్కడమో, దాని మీద సోఫా వేయడమో చేయకుండా, దాన్ని వెనక ఉంచుకుని నిలబడితే చాలు. ఫొటో తీసేవాడికి ఆ దూరం నేర్పాల్సింది మీరే. ఆ దూరంలోనే హాలు మొత్తం, షాండ్లియర్లతో సహా ఫ్రేములోకి వస్తుంది.

మ్యూజియం చుట్టూ ఊరు ఉందని కూడా గుర్తుంచుకోండి. చౌమహల్లా చుట్టూ ఉన్న ఖిల్వత్ సందులు ఇరుకైనవి. వందల కార్లు అక్కడికి వస్తే ఆ రాత్రి అంబులెన్స్ కూడా కదలదు. కార్లను దూరంగా నిలిపించి చిన్న బస్సుల్లో అతిథులను తీసుకురండి. బరాత్‌కు మర్ఫా కావాలంటే పెట్టించండి. యెమెన్ నుంచి, ఆఫ్రికా నుంచి వచ్చి నిజాం కొలువులో చేరినవాళ్లు ఈ నగరానికి ఇచ్చిన వాద్యం అది, దాన్ని వాయించేవాళ్లకూ బతుకుతెరువు. అయితే అది రాత్రి పది లోపు, వీధిలో మోగాలి. పది తర్వాత ఆడాలనుకునే కుర్రకారుకు హెడ్‌ఫోన్లతో సంగీత్ పెట్టే పద్ధతి వచ్చింది. ఆవరణ నిండా డ్యాన్స్ ఉంటుంది, పక్కింటి ముసలమ్మకు నిద్ర ఉంటుంది. రిటర్న్ గిఫ్టులు ప్లాస్టిక్ పెట్టెల్లో కొనకండి. నడిచి వెళ్లేంత దూరంలో లాడ్ బజార్ ఉంది. అక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహలు ఠీవిని వాడుకున్న పెళ్లి ఆ వీధికి కూడా నాలుగు రూపాయలు ఇవ్వాలి.

ఇప్పటిదాకా చెప్పిన జాగ్రత్తలతో వేడుక బోసిపోతుందని మీకు అనిపించవచ్చు. కానీ పెళ్లివారికి మరెవ్వరూ ఇవ్వలేనిది మీరు ఇవ్వగలిగే చోటు మ్యూజియం. భోజనాలకు ముందు ఒక గంట గ్యాలరీలు తెరిపించండి. పాతిక మంది చొప్పున అతిథులను పంపి, క్యురేటరు చేతనో గైడు చేతనో కథ చెప్పించండి. అమ్మమ్మలు అక్కడి జరీ పనిని చూసి తమ పెళ్లి చీరలను గుర్తు చేసుకుంటారు, పిల్లలు నిజాంల పాత రోల్స్ రాయిస్ కారు ముందు నుంచి కదలరు. అమెరికాలో పెరిగి పెళ్లి కోసం వచ్చిన బంధువుల పిల్లలకు హైదరాబాద్ చరిత్ర తెలిసే సాయంత్రం అదొక్కటే కావచ్చు. మెరుపు అంటే కేవలం వెలుగు, పరిమాణం అనుకుంటే ఏ కన్వెన్షన్ సెంటరైనా సరిపోతుంది. ఇన్ని తరాల చేతిపని నడుమ తమ కొత్త జీవితం మొదలవుతోందని ఆ జంటకు అనిపించడం మ్యూజియంలోనే సాధ్యం.

చివరిగా కాగితాల సంగతి. గోల్కొండ కోట, చార్మినార్ లాంటి కేంద్ర రక్షిత కట్టడాల్లో విందులు, రిసెప్షన్లు జరపాలంటే కేంద్ర ప్రభుత్వపు రాతపూర్వక అనుమతి తప్పదని 1959 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ట్రస్టుల చేతుల్లో ఉన్న మహళ్లకు వాటి సొంత షరతులుంటాయి. ఏ కట్టడం ఎవరి పరిధిలో ఉందో అడ్వాన్సు తీసుకునే ముందే తెలుసుకుని పెళ్లివారికి చెప్పండి. దానితో పాటు నేను మిమ్మల్ని నాలుగు మాటలు అడుగుతున్నాను, మీ ప్రతి కొటేషన్‌లోనూ ఇవి అచ్చయి ఉండాలని కోరుతున్నాను.

ఒకటి, వేడుకకు ముందూ తర్వాతా మ్యూజియం సిబ్బందితో కలిసి ప్రతి గోడ, నేల, తలుపు ఫొటోలు తీసి ఇద్దరూ సంతకం చేయాలి. రెండు, జరిగే నష్టానికి బీమా, డిపాజిట్టు రెండూ ఉండాలి. మూడు, వేడుక నడిచినంతసేపూ ఒక సంరక్షకుడు అక్కడ ఉండాలి, దేన్నైనా ఆపించే అధికారం ఆయనకు ఇవ్వాలి, ఆయన జీతం పెళ్లి ఖర్చులో భాగం కావాలి. నాలుగు, పెళ్లివారి బిల్లులో సంరక్షణ నిధి అని ఒక పద్దు కనిపించాలి. పూలకు, లైట్లకు ఎంత ఇస్తున్నారో చూసుకునే కుటుంబం, తమకు ఆ సాయంత్రం ఇచ్చిన ఇంటికి ఎంత ఇస్తోందో కూడా చూసుకోనివ్వండి. అడిగితే కాదనే మనసు మన వాళ్లది కాదు. ఇప్పటివరకు ఎవరూ అడగలేదు, అంతే.

ఈ నాలుగూ ఒక్క ప్లానరు పాటిస్తే ఖర్చు ఎక్కువన్న పేరు వస్తుంది, పెళ్లివారు పక్క ప్లానరు దగ్గరికి పోతారు. మీరంతా కలిసి పాటిస్తే అది వృత్తి మర్యాద అవుతుంది. కాబట్టి మీ సంఘాల సమావేశంలో ఈ విషయం పెట్టండి. మ్యూజియంల సంరక్షకులను పిలవండి, మేం వస్తాం. మీ లైటింగ్ కుర్రాళ్లకు, డెకరేషన్ మేస్త్రీలకు పాత గచ్చును ఎలా చూడాలో, పట్టుకు ఎంత వెలుగు సరిపోతుందో మా చేతులతో చూపిస్తాం. అప్పుడు మహళ్లలో పెళ్లిళ్లు ఆపించాలని ఎవరైనా అంటే, వాళ్లకు ఎదురు నిలబడి మీ తరఫున మాట్లాడే మొదటి మనుషులం మేమే అవుతాం.

ఇట్లు,
పాత వస్త్రాల సంరక్షణలో పనిచేసే ఒక హైదరాబాదీ